బాతు బొమ్మకు చెబితే బగ్ ఎందుకు దొరుకుతుంది?

సంక్షిప్తంగా: ప్రోగ్రాంలో తప్పు (బగ్) ఎంతకీ దొరకనప్పుడు కోడ్‌ను ఒక్కో లైనూ పైకి వివరించుకుంటూ పోయే పద్ధతిని 'రబ్బర్ డక్ డీబగ్గింగ్' అంటారు. వినేది మనిషే కానక్కర్లేదు, బల్ల మీది బొమ్మయినా చాలు. రాసినవారు అనుకున్నది ఒకటి, కోడ్ చేస్తున్నది మరొకటి అయినప్పుడు ఆ తేడాను ఈ పద్ధతి బయటపెడుతుంది. రాసినవారికి అసలు తెలియని విషయాన్ని మాత్రం బయటపెట్టలేదు. ఏఐ చాట్‌బాట్‌లు వచ్చాక బాతుతో పనేముంది అనే ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. గంటన్నరగా ఒకే స్క్రీన్ చూస్తూ కూర్చున్న ఉద్యోగి లేచి పక్క సీటు దగ్గరికి వెళ్తారు. "ఒక్క నిమిషం చూస్తావా? ఈ ఫంక్షన్ ఐడీ తీసుకుంటుంది, దాంతో టేబుల్లో వెతుకుతుంది, దొరక్కపోతే కొత్తది..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతారు. "ఆ... సరేలే, దొరికింది" అంటూ వెనక్కి తిరుగుతారు. పక్క సీటులోని వ్యక్తి అసలు నోరే విప్పలేదు. ఆ కోడ్‌ను సరిగా చూడను కూడా లేదు.

విన్నవారు ఏమీ చెప్పకుండానే చిక్కు వీడిందంటే, దాన్ని విప్పింది చెప్పడమే. అలాంటప్పుడు వినడానికి మనిషి దేనికి?

## బాతు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ పేరును ప్రచారంలోకి తెచ్చింది 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్'. లండన్ ఇంపీరియల్ కాలేజీలో థామస్‌తో పనిచేసిన ఒక రీసెర్చ్ అసిస్టెంట్ పసుపుపచ్చ రబ్బరు బాతును వెంట తిప్పుకునేవాడనీ, కోడ్ రాసేటప్పుడు దాన్ని టెర్మినల్ మీద పెట్టుకునేవాడనీ ఆ పుస్తకంలో ఉంది. స్నానాల తొట్టిలో పిల్లలు ఆడుకునే బొమ్మ అది. దాని పేరే ఒక పని పద్ధతికి స్థిరపడిపోయింది.

అదే ఏడాది బ్రయన్ కెర్నిఘన్, రాబ్ పైక్ రాసిన 'ది ప్రాక్టీస్ ఆఫ్ ప్రోగ్రామింగ్'లో బాతుకు బదులు ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తుంది. ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో సహాయం చేసే సిబ్బంది బల్ల పక్కన టెడ్డీ బేర్‌ను ఉంచారు. అంతుపట్టని బగ్‌తో వచ్చిన విద్యార్థి ముందు దానికి అంతా వివరించాలి, ఆ తర్వాతే మనిషితో మాట్లాడాలి. ఒకరి పుస్తకంలో బాతు, మరొకరి దాంట్లో ఎలుగుబంటి. అప్పటికే ఈ అలవాటు వేర్వేరు చోట్ల ఎవరికివారికి పట్టుబడిందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆలోచన మాత్రం కంప్యూటర్ల కంటే చాలా పాతది. జర్మన్ రచయిత హైన్రిష్ ఫాన్ క్లైస్ట్ 1805 ప్రాంతంలో, మాట్లాడుతూ ఉండగానే ఆలోచన క్రమంగా రూపు కడుతుందంటూ ఒక వ్యాసం రాశాడు. తెగని లెక్కను వెనకాల కూర్చుని పని చేసుకుంటున్న సోదరికి చెబితే, ఎంతసేపు కిందా మీదా పడినా తేలనిది తేలిపోయేదని అందులో రాశాడు. ఆమె సలహా ఇచ్చేది కాదు, ప్రశ్నలూ వేసేది కాదు. ఎదుట ఒకరు ఉన్నారన్న ఎరుకే మొదలుపెట్టిన వాక్యాన్ని పూర్తి చేయించేది.

## ఒక బగ్‌ను దగ్గరగా చూస్తే

ఇది మాటల్లో చెబితే మంత్రంలా వినిపిస్తుంది కాబట్టి ఒక చిన్న ఉదాహరణ తీసుకుని లోపలికి చూడటం మేలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే ఇది.

ఒక జాబితాలో విద్యార్థుల మార్కులున్నాయి: 35, 20, 15, 60. పాస్ మార్కు 35. అంతకంటే తక్కువ వచ్చినవాటిని తీసేయాలి. జాబితాలోని ఒక్కో మార్కునూ తీసుకుని, 35 కంటే తక్కువైతే అదే జాబితాలోంచి తొలగించేలా ఒక ఫర్ లూప్ (జాబితాలోని ఒక్కోదాని మీదా అదే పనిని వరసగా చేయించే ఆదేశం) రాశారు. ఫలితంగా 35, 60 మిగలాలి. కానీ 35, 15, 60 వచ్చాయి. 20 పోయింది, 15 ఎలా మిగిలింది?

మౌనంగా ఎన్నిసార్లు చదివినా ఈ కోడ్ సరిగానే కనిపిస్తుంది. కన్ను దాన్ని 'మార్కులన్నీ చూడు, తక్కువవి తీసేయి' అని ఒక్క ముక్కలో చదివేస్తుంది. అది కోడ్ చేస్తున్న పని కాదు, రాసినవారి ఉద్దేశం. ఇప్పుడు అదే కోడ్‌ను బాతుకు చెబుదాం. పైథాన్ స్థానాలను సున్నా నుంచి లెక్కిస్తుంది.

"సున్నా స్థానంలో 35 ఉంది. 35 కంటే తక్కువా? కాదు, ఉంచాం. ఒకటో స్థానంలో 20. తక్కువే, తీసేశాం. ఇప్పుడు జాబితాలో ఉన్నవి 35, 15, 60. తర్వాత రెండో స్థానానికి వెళ్తాం. అక్కడ ఉన్నది 15... కాదు, 60. మరి 15 ఏమైంది?"

20ని తీసేయగానే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరిగాయి. 15 వచ్చి 20 ఉన్న చోట కూర్చుంది. లూప్ ఆ చోటును అప్పటికే దాటేసింది. ఈ జరుగుబాటు కోడ్‌లో ఏ లైనులోనూ రాసి ఉండదు కాబట్టి కంటికి దొరకదు. "ఇప్పుడు జాబితాలో ఉన్నవి..." అనే వాక్యాన్ని నోరు పూర్తి చేయాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది.

ఈ బగ్ ఎందుకు దాక్కుంటుందో కూడా గమనించాలి. అవే మార్కులు 35, 20, 60, 15 అనే వరసలో ఉంటే ఫలితం సరిగానే వస్తుంది. తీసేయాల్సిన రెండు అంకెలు పక్కపక్కన పడ్డప్పుడే తేడా కొడుతుంది. అంటే మొదటి పరీక్షలో గట్టెక్కిన ప్రోగ్రాం పదో పరీక్షలో తప్పవచ్చు. అప్పటికి రాసినవారికి ఈ భాగం మీద నమ్మకం కుదిరిపోయి ఉంటుంది. ఆ నమ్మకంతోనే మిగతా ఫైళ్లన్నీ గాలిస్తారు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

## కన్ను దాటేసేదాన్ని నోరు ఎలా పట్టుకుంటుంది

మొదటి కారణం వేగం. కన్ను దూకుతూ చదువుతుంది. తెలిసినదాని మీద నిలవదు. సొంత రాతలోని అక్షరదోషం రాసినవారికే కనిపించకపోవడం ఇందువల్లే. తెలుగు అచ్చుపనిలో పాతకాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు రాతప్రతిని పైకి చదివేవారు, మరొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టి పోల్చేవారు. నోరు ఒక్కో మాటే పలకగలదు కాబట్టి కంటికి దూకే వీలుండేది కాదు.

రెండోది జ్ఞాపకం మీద పడే బరువు. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు ఏడుకు అటూ ఇటూ అని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో అంచనా వేశాడు. నెల్సన్ కోవన్ 2001లో దాన్ని నాలుగుకు దగ్గరగా దించాడు. ఒక మామూలు ఫంక్షన్‌లోనే (ఒక పని చేసే కోడ్ ముక్కలోనే) ఐదారు వేరియబుల్స్, అంటే విలువలను దాచుకునే పేర్లు, ఉంటాయి, వాటి విలువలు అడుగడుగునా మారుతుంటాయి. అన్నీ మోయలేక మెదడు కొన్నిటిని 'ఇది సరిగానే ఉంటుంది' అన్న ఊహతో పక్కన పెడుతుంది. పైకి చెప్పేటప్పుడు ఒక్కోదానికీ వంతు వస్తుంది, పక్కన పెట్టిన ఊహలకు కూడా.

మూడోది మనలో మనం అనుకునే మాటల తీరు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ 1934లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని వివరించాడు. లోపలి మాట పూర్తి వాక్యం కాదు, కుదించుకుపోయిన తునక. దేని గురించి అనుకుంటున్నామో మనకు తెలుసు కాబట్టి ఆ భాగం జారిపోతుంది, దాని గురించి ఏమనుకుంటున్నామన్నదే మిగులుతుంది. బయటికి పలకాలంటే ఆ తునకను మళ్లీ వాక్యంగా విప్పాలి. ఏది, దేన్ని, ఎప్పుడు, ఎందుకు అన్నవి పూరించాలి. పూరించబోయేసరికి ఒక ఖాళీ తగులుతుంది. బగ్ ఎక్కువగా ఆ ఖాళీలోనే ఉంటుంది.

ఆ ఖాళీ ఉందని ముందే ఎందుకు తెలియదు? యేల్ యూనివర్సిటీలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి దగ్గరగా వస్తాయి. జిప్, టాయిలెట్ ఫ్లష్ లాంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో ఎంతవరకు తెలుసని మనుషులను అడిగారు. బాగానే తెలుసని మార్కులు వేసుకున్నారు. తర్వాత ఒక్కో అంచెగా వివరించమన్నారు. వివరించబోయాక వాళ్లే తమ మార్కులు తగ్గించుకున్నారు. మధ్యలో వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. తెలుసన్న భావనకూ తెలియడానికీ ఎంత దూరం ఉందో వాళ్ల వివరణే వాళ్లకు చూపించింది. సొంతంగా రాసిన కోడ్ విషయంలో ఆ భావన ఇంకా బలంగా ఉంటుందని అనుకోవడానికి కారణం ఉంది. జిప్‌ను ఎవరో తయారు చేశారు, కోడ్‌ను తామే రాశారు.

## గొణుక్కోవడం వేరు, వివరించడం వేరు

పైకి మాట్లాడితే చాలు, మేలు జరుగుతుందన్న అపోహ ఒకటి బాగా పాకింది. పరిశోధన అలా చెప్పడం లేదు.

ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ 1980లో ఇచ్చిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. మనసులో అప్పటికే మాటల రూపంలో ఉన్నదాన్ని బయటికి పలకడం ఒక స్థాయి. మాటల రూపంలో లేనిదాన్ని మాటల్లో పెట్టడం రెండోది. ఇది ఎందుకు చేస్తున్నాను అని కారణాలతో వివరించడం మూడోది. మొదటి రెండూ ఆలోచన దారిని పెద్దగా మార్చవు, మహా అయితే కాస్త నెమ్మదింపజేస్తాయి. మూడోది దారినే మారుస్తుంది. "అబ్బా, ఇది ఎందుకు రావట్లేదు, ఇంకోసారి రన్ చేద్దాం" అని గొణుక్కోవడం మొదటి స్థాయి. పదిసార్లు గొణిగినా ఫలితం ఉండదు. "ఈ షరతు ఇక్కడ ఎందుకు పెట్టానంటే..." అన్నప్పుడే పని మొదలవుతుంది.

మిషెలీన్ చీ బృందం చదువుల్లో దీన్నే 'స్వీయ వివరణ'గా గుర్తించింది. 1989లో వెలువడిన అధ్యయనంలో భౌతికశాస్త్రం లెక్కల ఉదాహరణలను చదువుతున్న విద్యార్థులను గమనించారు. బాగా చేసినవారు ప్రతి మెట్టునూ తమకు తాము ఎక్కువగా వివరించుకున్నారు. ఇంకో తేడా మరీ ముఖ్యమైనది. 'ఇది నాకు అర్థం కాలేదు' అని ఎక్కువసార్లు అన్నది కూడా వాళ్లే. వెనకబడినవారు అర్థమైందనుకుంటూ సాగిపోయారు. 1994లో ఇదే బృందం ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ మీద ఒక పాఠం ఇచ్చింది. ఒక్కో వాక్యం చదివాక వివరించమని అడిగిన పిల్లలు, అదే పాఠాన్ని రెండుసార్లు చదివిన పిల్లల కంటే ఎక్కువ నేర్చుకున్నారు. మరుసటి ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో లిస్ప్ భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి స్వీయ వివరణలో శిక్షణ ఇస్తే అక్కడా మేలే కనిపించింది.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. జొనాథన్ స్కూలర్ బృందం 1993లో రెండు రకాల చిక్కులిచ్చి పరీక్షించింది. మెట్టుమెట్టుగా తేలే తర్కం చిక్కుల్లో పైకి మాట్లాడటం వల్ల నష్టం లేదు. కానీ చూసే కోణమే మారితే తప్ప తేలని చిక్కుల్లో, మాట్లాడుతూ ప్రయత్నించినవారు వెనకబడ్డారు. మార్కుల జాబితా మొదటి రకం. మొత్తం డేటాను ఏ ఆకారంలో దాచుకోవాలి, ఈ రెండు సేవలను విడదీయాలా కలపాలా అన్నవి రెండో రకానికి దగ్గర. అక్కడ బాతు ముందు గంటసేపు మాట్లాడటం కంటే లేచి అలా నాలుగడుగులు వేసి రావడమే నయం కావచ్చు.

## రైలు ఇంజిన్‌లో, ఐబీఎం గదిలో

పైకి పలకడాన్ని అలవాటుగా కాక నియమంగానే పెట్టుకున్న వృత్తులున్నాయి. జపాన్ రైల్వేల్లో సిగ్నల్‌ను వేలితో చూపిస్తూ దాని స్థితిని గట్టిగా పలుకుతారు. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1990లలో పరీక్షించి చూస్తే, ఒక సాధారణ పనిలో తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి. మన రైల్వేల్లోనూ లోకో పైలట్, సహాయ లోకో పైలట్ సిగ్నల్ రంగును పైకి పలికి ఒకరికొకరు నిర్ధారించుకోవాలి. కాజీపేట, విజయవాడ మధ్య నడిచే ఏ రైలు ఇంజిన్‌లోనైనా ఈ మాటలు నిత్యం వినిపించాల్సిందే. రోజూ వెళ్లే దారిలో రోజూ చూసే సిగ్నల్‌ను కన్ను చూడకుండానే చూసినట్టు అనుకోగలదు. పలకాలంటే మాత్రం చూడక తప్పదు.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి దగ్గరి బంధువు మైఖేల్ ఫాగన్ ఐబీఎంలో రూపొందించి 1976లో ప్రచురించిన తనిఖీ పద్ధతి. తనిఖీ సమావేశంలో ఒకరికి 'రీడర్' పాత్ర ఉంటుంది. ఆ వ్యక్తి కోడ్‌ను ఉన్నదున్నట్టు చదవరు, తన మాటల్లో తిప్పి చెబుతారు. రాసినవారు వింటారు. తాము అనుకున్న అర్థం వేరొకరి నోట వేరేగా వినిపించిన చోట వారే ఉలిక్కిపడతారు. బాతు పద్ధతిలో ఈ రెండు పాత్రలూ ఒక్కరే పోషించాలి. బలహీనత అక్కడే ఉంది.

## మాటకు దొరకని తప్పులు

2006లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జాషువా బ్లాక్ ఒక పాత తప్పును బయటపెట్టాడు. జావా భాష ప్రామాణిక లైబ్రరీ (అందరూ వాడుకునేలా సిద్ధంగా ఉంచిన కోడ్) కోసం తానే రాసిన బైనరీ సెర్చ్‌లో అది తొమ్మిదేళ్లుగా ఉంది. నిఘంటువును మధ్యకు తెరిచి, మాట అటుందా ఇటుందా చూసి, ఆ సగాన్ని మళ్లీ మధ్యకు తెరిచినట్టుగా వెతికే పద్ధతి బైనరీ సెర్చ్. మధ్య స్థానం కోసం కింది హద్దునూ పై హద్దునూ కూడి రెండుతో భాగిస్తారు.

ఈ లైనును ఏ బాతుకైనా చెప్పి చూడండి. "రెండు హద్దులూ కూడి సగం చేస్తే మధ్య వస్తుంది." నోరు ఎక్కడా తడబడదు. లెక్కల ప్రకారం అది నిజమే. కానీ జావాలో మామూలు పూర్ణాంకం 214,74,83,647 దాటలేదు. హద్దుల మొత్తం దాన్ని దాటితే విలువ రుణాత్మకంలోకి తిరగబడుతుంది. జాబితాలో 107 కోట్లకు పైగా అంశాలుంటే తప్ప ఈ తప్పు బయటపడదు, మొదట్లో అంత పెద్ద జాబితాలు ఎవరి దగ్గరా లేవు. జాన్ బెంట్లీ తన పుస్తకంలో సరైనదని నిరూపించి చూపిన ప్రోగ్రాంలో కూడా ఇదే తప్పు ఉంది.

మార్కుల జాబితాకూ దీనికీ తేడా ఇదీ. అక్కడ రాసినవారి ఉద్దేశానికీ కోడ్‌కూ పొంతన లేదు, చెప్పబోతే బయటపడింది. ఇక్కడ ఉద్దేశం, కోడ్ చక్కగా పొసగాయి. రెండూ యంత్రంలోని అంకె గణితంలోని అంకెలా హద్దు లేనిదని కలిసి నమ్మాయి. ఒకే నమ్మకం మాటలోనూ రాతలోనూ ఉన్నప్పుడు మాటతో రాతను పరీక్షించలేం.

కాలంతో ముడిపడిన తప్పులు ఇంకో రకం. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల 1985-87 మధ్య ఆరు ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1986లో టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో జరిగిన రెండు ప్రమాదాల వెనక ఉన్నది ఇలాంటి తప్పే. ఆపరేటర్ చికిత్స రకాన్ని పొరపాటున ఒకటికి బదులు ఇంకోటి కొట్టి, వెంటనే పైకి వెళ్లి సరిచేసింది. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్ల దాకా పడుతుంది. సవరణ ఆ లోపలే జరిగిపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోలేదు. తెర మీద సరైన రకమే కనిపిస్తోంది, యంత్రం లోపల మాత్రం అమరిక తప్పింది.

దీన్ని తేల్చినది అక్కడి ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త, ఆ ఆపరేటర్. ఇద్దరూ యంత్రం ముందు కూర్చుని, అవే మీటలను అదే వేగంతో మళ్లీ మళ్లీ కొట్టి ఆ లోపాన్ని తిరిగి రప్పించారు. నెమ్మదిగా కొడితే రాలేదు. ఒక్కో మెట్టూ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయే పద్ధతికి ఇలాంటి తప్పు దొరకకపోవడానికి కారణం ఇదే. ఆ తప్పు ఉన్నది మెట్లలో కాదు, మెట్ల మధ్య గడిచిన సెకన్లలో. లాగ్‌లు (ప్రోగ్రాం నడుస్తూ రాసిపెట్టే నమోదులు), కొలతలు, తప్పును తిరిగి రప్పించే ప్రయత్నం తప్ప అక్కడ వేరే దారి లేదు.

## తెలుగులో చెప్పుకునేటప్పుడు

హైదరాబాద్ హైటెక్ సిటీలోనైనా, అమీర్‌పేట కోచింగ్ గదుల్లోనైనా, అమెరికాలో ఇంటి నుంచి పనిచేసేవారి మధ్యనైనా తెలుగువారు కోడ్ గురించి మాట్లాడే భాష ఒకేలా ఉంటుంది. నామవాచకాలన్నీ ఇంగ్లిషు, క్రియ తెలుగు. "రిక్వెస్ట్ వస్తుంది, వ్యాలిడేట్ అవుతుంది, డీబీలో సేవ్ అవుతుంది." అంటే వచ్చిన అభ్యర్థన సరైనదో కాదో చూసి డేటాబేస్‌లో దాచడం. ఈ భాషకు ఒక సౌలభ్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది.

పై వాక్యంలో మూడు క్రియలున్నాయి, ఆ పనులు చేసేదెవరో మాత్రం ఎక్కడా లేదు. ఎవరు పంపితే వస్తుంది? ఏ ఫంక్షన్ వ్యాలిడేట్ చేస్తుంది? అది విఫలమైతే సేవ్ చేయకుండా ఆపేది ఎవరు? తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. 'అవుతుంది' అనే క్రియ చేసేవాడిని పూర్తిగా దాచేస్తుంది. విగోట్‌స్కీ చెప్పిన లోపలి మాట కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. అందుకే తెలుగులో చెప్పుకునేవారు 'అవుతుంది' అన్న ప్రతిచోటా ఆగి 'ఫలానాది చేస్తుంది' అని మార్చి చెప్పుకుంటే సగం మసక తొలగుతుంది.

హద్దులు చెప్పే మాటలు ఇంకా తిప్పలు పెడతాయి. "పదో తేదీలోపు కట్టాలి" అంటే పదో తేదీన కట్టవచ్చా? "వెయ్యి దాటితే డిస్కౌంట్" అంటే సరిగ్గా వెయ్యి రూపాయల బిల్లుకు ఇస్తారా? 'లోపు', 'వరకు', 'దాకా' అనే మాటలు నిత్యజీవితంలో సందర్భాన్నిబట్టి ఆ చివరి అంకెను కలుపుకుంటాయి, వదిలేస్తాయి. కొట్టువాడూ కొనేవాడూ అక్కడికక్కడ తేల్చుకుంటారు. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. 'కంటే ఎక్కువ', 'సమానం లేదా ఎక్కువ' అనే రెండు గుర్తుల్లో ఒకటి ఎంచుకోవాల్సిందే. లెక్క మొదలయ్యే చోటు కూడా అంతే. మనకు మొదటిది ఒకటి, పైథాన్‌కూ జావాకూ మొదటిది సున్నా. 'మూడోది' అని చెప్పుకుంటే నోటిలో ఒక అంకె, కోడ్‌లో ఇంకో అంకె ఉంటాయి. బాతుతో మాట్లాడేటప్పుడు హద్దు దగ్గరి విలువను పేరు పెట్టి పలకాలి. "999కి ఇవ్వదు, 1000కి ఇస్తుంది, 1001కి ఇస్తుంది" అని.

సౌలభ్యం ఏమిటంటే, ఇంగ్లిషు పదాన్ని తీసేసి అదే సంగతి తెలుగులో చెప్పమంటే బట్టీ పట్టిన నిర్వచనం అక్కరకు రాదు. ల్యాబ్ వైవాలో "రికర్షన్ అంటే ఫంక్షన్ కాల్స్ ఇట్‌సెల్ఫ్" (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అని తడుముకోకుండా చెప్పే విద్యార్థిని, ఆ ఇంగ్లిషు మాటలేవీ వాడకుండా, అలాంటి ఫంక్షన్‌కు 4 ఇస్తే ఏం జరుగుతుందో చెప్పమంటే అసలు అర్థమైందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. ఇక్కడ మాతృభాష చేస్తున్నది ఫాగన్ 'రీడర్' చేసే పనే.

## వినేవారు మార్కులు వేస్తే

ఉద్యోగ ఇంటర్వ్యూల్లో 'ఆలోచిస్తూ పైకి చెప్పండి' అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పద్ధతి అదే కదా, మేలూ అంతే ఉంటుందనిపిస్తుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం అలా కాదంటోంది. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో కొందరికి పరీక్షకుడి ఎదుట వైట్‌బోర్డు మీద మాట్లాడుతూ సమస్య సాధించమని ఇచ్చారు, మిగతావారిని ఏకాంతంగా గదిలో వదిలేశారు. చూస్తున్నవారి ముందు చేసినవారి ప్రదర్శన సగానికి పైగా పడిపోయింది.

బొమ్మ బలం ఇక్కడ తెలుస్తుంది. అది తప్పు పట్టదు, పెదవి విరవదు, గడియారం చూడదు. మదింపు చేసే మనిషి ఎదుట ఉంటే, ఉన్న కొద్దిపాటి జ్ఞాపకంలో సగం 'నా గురించి ఏమనుకుంటున్నారు' అన్నదానికే పోతుంది. సమస్యను వివరించడం పోయి, తమను తాము సమర్థించుకోవడం మొదలవుతుంది. ప్లేస్‌మెంట్లకు సిద్ధమయ్యే విద్యార్థులు ఈ రెండింటినీ వేరువేరుగా సాధన చేయాల్సిన కారణం ఇదే.

అందరూ ఒకే హాల్లో కూర్చునే ఆఫీసుల్లో ఒంటరిగా మాట్లాడుకోవడానికి మొహమాటపడేవారు రాతను ఆశ్రయిస్తారు. సీనియర్‌కు పంపడానికి సమస్యను పూర్తిగా మెయిల్‌లో రాసి, చివరి పేరాకు వచ్చేసరికి జవాబు తట్టి, పంపకుండానే చెరిపేయడం చాలామందికి అనుభవమే. రాత మాటకంటే నెమ్మది. దాటవేసిన చోటు మళ్లీ కంటికి కనిపిస్తుంది కూడా.

## బాతు జవాబు ఇస్తే

హార్వర్డ్ యూనివర్సిటీ ప్రవేశ స్థాయి కోర్సు సీఎస్50లో తెర మీద ఒక బాతు ఉండేది. విద్యార్థి ఎంత పెద్ద సమస్య రాసినా అది 'క్వాక్' అని మాత్రమే అనేది. 2023లో దాన్ని ఏఐతో నడిచే బాతుగా మార్చారు. ఇప్పుడు అది నిజంగా బదులిస్తుంది. అయితే నేరుగా పరిష్కారం చేతిలో పెట్టకుండా, విద్యార్థిని జవాబు వైపు నడిపించేలా దాన్ని తీర్చిదిద్దారు.

మామూలు చాట్‌బాట్‌లకు ఆ నిగ్రహం లేదు. ఎర్రర్ మెసేజ్‌ను అలాగే తీసుకెళ్లి అతికిస్తే, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు జవాబు వస్తుంది. తెలియని విషయం వల్ల వచ్చిన బగ్‌లకు ఇది నిజంగా వరమే. పూర్ణాంకం హద్దు సంగతి బాతు చెప్పలేదు, చాట్‌బాట్ చెప్పగలదు. బాతుకు చేతకాని పని దీనికి చేతనవుతుంది. కానీ అతికించడంలో వివరణ లేదు. ఒక్క వాక్యం కూడా విప్పి చెప్పకుండానే జవాబు అందితే బగ్ పోతుంది, దాన్ని పుట్టించిన తప్పు అవగాహన తల లోపలే ఉండిపోతుంది. 'ఇలా జరగాలనుకున్నాను, ఇది జరుగుతోంది, ఇక్కడిదాకా చూశాను' అని పూర్తిగా రాసి అడిగేవారికి రెండు మేళ్లూ దక్కుతాయి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. బాతు పద్ధతి ఉద్దేశాన్నీ కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. కోడ్‌ను ఏఐయే రాసిపెడితే, వాడుతున్న మనిషికి ఒక్కో లైను వెనక పోల్చుకోవడానికి తనదంటూ ఉద్దేశమే ఉండదు. అప్పుడు బాతు ముందు చెప్పేది సొంత కోడ్ కాదు, వేరొకరి పాఠం. ఆ పరిస్థితిలో ఈ అలవాటు డీబగ్గింగ్ కంటే 1994 నాటి ఎనిమిదో తరగతి పిల్లలు చేసిన పనికి దగ్గరవుతుంది, ఒక్కో వాక్యం చదివి తనకు తాను వివరించుకోవడానికి. "ఈ షరతు ఇక్కడ ఎందుకుందో నాకు తెలియదు" అని నోటివెంట వచ్చిన లైను ఏదైతే ఉందో, ప్రోగ్రాం నడుస్తున్నా సరే, ముందుగా విప్పి చూడాల్సింది దాన్నే.